సింహాచలం మేళంలో పెళ్లి ఆగదు

కథలో వాళ్లకు వినబడేది

నేను సౌండ్ మనిషిని. మనవైపు సౌండ్ పార్టీ అంటే బాగా డబ్బున్నవాడని అర్థం కనక, నేను ఆ పార్టీ కాదని ముందే మనవి. టీవీ సీరియళ్లకూ, అడపాదడపా సినిమాలకూ షూటింగ్ జరిగేచోట శబ్దం పట్టడం నా ఉద్యోగం. చెవులకు హెడ్‌ఫోన్లు, చేతిలో పొడుగాటి కర్ర, కర్ర చివర బొచ్చుతొడుగు వేసుకున్న మైకు. దూరం నుంచి చూసినవాళ్లు నన్ను బూజు దులిపేవాడనుకున్న సందర్భాలున్నాయి. ఒకావిడ వాళ్ల వంటింట్లో కూడా కాస్త దులిపిపొమ్మని అడిగింది.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు అనకాపల్లిలో మా ఇంటికి వచ్చి, "ఏ మైకు వాడేవారు సార్, ఏ మిక్సర్ వాడేవారు సార్" అని అడుగుతుంటారు. ఆ పేర్లన్నీ ఇప్పుడు పాత ఇనుముకింద లెక్క. నాలాగే. నేను చెప్పగలిగింది వేరే ఉంది.

తెరమీద సంగీతం రెండు రకాలు. ఒకటి మనకు మాత్రమే వినబడేది. హీరోయిన్ బావిగట్టున ఒంటరిగా ఏడుస్తుంటే వీణ మోగుతుంది చూడండి, అది ఆ అమ్మాయికి వినబడదు. వినబడితే ఏడుపు మానేసి వీణ ఎవరిదా అని వెతుక్కుంటుంది. రెండోది కథలో వాళ్లకు కూడా వినబడేది. హోటల్లో రేడియో, గుడి మైకులో భజన, షేర్ ఆటోలో టేపు, పెళ్లిలో సన్నాయి. దాన్ని ఎవరో వాయిస్తారు, ఎవరో వింటారు, ఎవరో గొంతు పెంచి దానిమీంచి మాట్లాడతారు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా అమ్మ సీరియల్ చూస్తూ, "ఇంటికాడ ఎవులూ నేరు కదరా, ఆ ఈణ ఎవులు వాయిత్తన్నారు?" అని అడిగింది. నేను నవ్వాను. తీరా చూస్తే ఆ తర్వాత నేను చేసిందంతా ఆ ప్రశ్నకు జవాబు వెతకడమే.

మా పెద్దాయన మూర్తిగారు హైదరాబాదు స్టూడియోలో మిక్సింగ్ చేసేవారు. మిక్సింగ్ అంటే మాట, పాట, చప్పుడు మూడూ కలిపి ఒక ముద్ద చేయడం. ఆయన నోరు మంచిది కాదు గానీ చెవి మాత్రం బంగారం. "పాట ఎక్కడ్నుంచి వస్తోందో ముందు తేల్చుకో, ఆ తర్వాతే మైకు బయటికి తియ్" అనేవారు. బస్సులో పాట వస్తుంటే, మనిషి బస్సు దిగాక పాట బస్సుతో పాటు వెళ్లిపోవాలి. దిగినవాడి వెంట పాట కూడా దిగి నడిచి వస్తే ఆ పాటకు టిక్కెట్టు ఎవరు తీశారని అడిగేవారు.

ఆయన దగ్గర నేను నేర్చుకున్న గట్టి పాఠం ఒక టీకొట్టు సీను. యూనిట్ అంతా ఉత్సాహపడి, సహజంగా ఉంటుందని కొట్లో రేడియో నిజంగానే పెట్టి షూటింగ్ చేశాం. ఎడిటింగులో ముక్కలు అతికించి చూస్తే, హీరో ఒక్క గుక్క టీ మింగేలోగా పాట పల్లవినుంచి రెండో చరణానికి దూకింది. తర్వాతి షాట్‌లో వార్తలొచ్చాయి. "ఇది టీయా, నిద్రమాత్రా?" అన్నారు మూర్తిగారు.

కారణం తేలికే. ఒక్క సీను తెరమీద రెండు నిమిషాలుంటుంది, తీయడానికి పూట పడుతుంది. ముక్కముక్కకీ పాట మారిపోతుంది. అందుకే షూటింగ్‌లో మాటలు నడుస్తున్నంతసేపూ రేడియో మోగదు, డప్పు మోగదు, సన్నాయి మోగదు. వాయిస్తున్నట్టు నటిస్తారంతే. అసలు వాయింపు విడిగా రికార్డు చేసి తర్వాత కలుపుతాం. డాన్సు జరుగుతున్న గదిలో కాళ్ల చప్పుడు వినబడకుండా మేజోళ్లతో గెంతిస్తాం. భూమ్మీద అన్నిటికన్నా నిశ్శబ్దమైన చోటు ఏదంటే షూటింగ్‌లో పెళ్లిపందిరి అని నేను నమ్మేవాణ్ని.

కశింకోట పక్కనున్న ఒక పల్లెలో ఆ నమ్మకం పోయింది. పోయినందుకు ఇప్పటికీ సంతోషంగా ఉంది.

కశింకోట పక్కన పెళ్లి

రెండువేల దశకం మధ్యలో అనుకోండి. రాత్రి ఎనిమిదికి వచ్చే ఒక కుటుంబ సీరియల్. డబ్బింగ్ లేకుండా అక్కడికక్కడే మాటలు రికార్డు చేసే పద్ధతి. డైరెక్టరు సుజాత. విజయవాడ అమ్మాయి. చాలాకాలం ఒకరి కింద పనిచేసి, సొంతంగా తీస్తున్న మొదటి సీరియల్ అది. ఎంత కంగారున్నా గొంతు పెంచేది కాదు. నన్ను మాస్టారూ అనేది.

చెరకు తోటల మధ్య పెద్ద మండువా ఇల్లొకటి దొరికింది. ఇంటావిడ గౌరమ్మగారు. లోపల పందిరి వేశాం. ఊరివాళ్లే పెళ్లివారు. పట్టుచీరలు ఎవరివి వాళ్లే తెచ్చుకున్నారు, మేం అడక్కుండానే నగలూ పెట్టుకున్నారు. పక్క తోటలో బెల్లం వండుతున్నారు. వాసన అమృతం, చెరకాడే ఇంజన్ మాత్రం నా పాలిట శత్రువు. రైతును బతిమాలి, షాట్ తీసినప్పుడల్లా ఇంజన్ ఆపించి, రోడ్డుమీద పాటలు పెట్టుకుని వచ్చే షేర్ ఆటోలను మలుపు దగ్గరే నిలబెట్టించి, ఎలాగో నిశ్శబ్దం సంపాదించాను.

సీను ఇది. పెళ్లికొడుకు తాళి చేతిలోకి తీసుకుంటాడు. పంతులు వేలు పైకెత్తి "గట్టిమేళం!" అంటాడు. మేళం అందుకుంటుంది. సరిగ్గా అప్పుడే పెళ్లికూతురి మేనబావ, అంటే మా విలన్, గుమ్మంలోకి దూసుకొచ్చి "ఆపండి ఈ పెళ్లి!" అని అరుస్తాడు. మేళం ఠక్కున ఆగిపోతుంది. అందరి మొహాలూ ఒక్కొక్కటీ మూడేసిసార్లు చూపిస్తాం, ఒక్కో మొహానికీ ఒక్కో ఉరుము. ఆ రోజుకి ఎపిసోడ్ సమాప్తం. అక్కణ్నుంచి పెళ్లి జరగకుండా కథను కొన్ని వారాలు లాగాలని రచయితగారి ప్లాను.

విలన్ వేషం వేసే చక్రధర్ ఆ సాయంత్రమే హైదరాబాదు రైలెక్కాలి. అందుకని పొద్దున్నే ఈ షాట్ పెట్టుకున్నాం.

మేళాన్ని నేనే మాట్లాడాను. సన్నాయి సింహాచలం అనకాపల్లిలో మా వీధివాడే. చుట్టరికం లేదు గానీ ఊహ తెలిసినప్పట్నుంచీ బావా అంటే బావా. డోలు వాయించేది మాత్రం అతని సొంత బావమరిది పైడిరాజు. టీవీలో కనబడతారని చెప్పగానే సింహాచలం మీసాలకు రంగు వేసుకుని, కొత్త పంచె కట్టుకుని వచ్చాడు. వీధివీధంతా చెప్పే వచ్చాడు.

పద్ధతి వివరించాను. "బావా, వాయిస్తున్నట్టు బుగ్గలు పూరించు, వేళ్లు కదుపు. శబ్దం మాత్రం రాకూడదు. ఆ కుర్రాడు అరవగానే చేతులు దించేయండి. మీ వాయింపు మధ్యాహ్నం విడిగా రికార్డు చేస్తాను."

"ఊదుతున్నట్టుండాల, ఊదకూడదు. బాగున్నాది బావా నీ ఉజ్జోగం" అన్నాడు సింహాచలం.

సన్నాయి పీక తీసి జేబులో పెట్టించాను. పీక అంటే నోట్లో పెట్టుకుని ఊదే చిన్న నాలుకలాంటిది, అది లేకపోతే సన్నాయి ఉత్త గొట్టమే. డోలుమీద కంబళి ముక్క కప్పించాను. అన్నీ చూసుకుని హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాను. సుజాత యాక్షన్ అంది.

పంతులు వేలెత్తాడు. చక్రధర్ గుమ్మంలోకి వచ్చి, "ఆపం..." అన్నాడో లేదో, నా చెవిలో పిడుగు పడింది. పైడిరాజు కంబళి విసిరి కొట్టి డోలు బాదేస్తున్నాడు. కళ్లు మూసుకుని మరీ.

"కట్" అంది సుజాత.

పైడిరాజు కళ్లు తెరిచి, తన చేతుల్ని తనే చూసుకుని, "నాను గాదు, సెయ్యి" అన్నాడు.

పందిరంతా నవ్వు. నేనూ నవ్వాను, చెవులు ఉన్నాయో లేదో తడుముకుంటూ. రెండోసారి అతని చేతిలో పుల్ల లాగేసుకున్నాం. అరిచేతులతో వాయించాడు. ఈసారి పందిట్లో ముందువరసలో కూర్చున్న గౌరమ్మగారు కూడా లేచి చక్రధర్ మీద పడింది. "నోరుముయ్ రా బాబూ! ముహూర్తం యేళ ఏటా మాటలు? మీ ఇంట్లో ఆడపిల్లలు నేరేటి?"

"అమ్మా, అది డైలాగండీ" అన్నాడు చక్రధర్ దీనంగా.

"డవిలాగైతే మాత్రం! బయటికెళ్లి అరుసుకో."

మూడోసారి పైడిరాజును డోలుతో సహా వెనక్కి జరిపి, చేతులు నడుంకి పెట్టుకుని నిలబడమన్నాం. సన్నాయి ఒక్కటే ముందు. దానికి పీక లేదు, కాబట్టి భయం లేదనుకున్నాను. సన్నాయికి దారంతో అదనపు పీకలు వేలాడుతూ ఉంటాయనీ, ఒకటి తడారిపోతే ఇంకోటి తగిలించుకుంటారనీ నేను చిన్నప్పట్నుంచీ చూస్తున్నదే. చూస్తున్నదే గనక చూడలేదు. చక్రధర్ నోరు తెరిచేసరికి సింహాచలం రెప్పపాటులో వేలాడే పీక తగిలించి, మా పందిరి లేచిపోయేటట్టు ఊదాడు.

ఈసారి ఎవరూ నవ్వలేదు. అది చెయ్యి చేసిన పని కాదు, మనిషి కావాలని చేసిన పని. అందరికీ అర్థమైంది.

పెళ్లి ఉత్తిదే

అతన్ని పెరట్లోకి తీసుకెళ్లాను.

"ఏటి బావా ఇది? పీక ఎందుకు పెట్టేవు?"

"నానేటి సెయ్యను? ఆడు ఆపండంతన్నాడు."

"వాడి పని అదే కదా."

"నా పని ఆడి మాట ఇనబడకుండా సెయ్యడం గదా!"

 గట్టిమేళం ఎందుకో మనకందరికీ తెలుసు. తాళి కట్టే క్షణంలో తుమ్ముగానీ, ఏడుపుగానీ, చెడుమాటగానీ పెళ్లికూతురి చెవిన పడకూడదు. పడనివ్వకుండా ఉండడం కోసమే మేళం. అంటే తెలుగు సీరియళ్లన్నీ "ఆపండి" అనే మాటమీద బతుకుతుంటే, సింహాచలం కులవృత్తి అంతా ఆ మాటను ముంచేయడంమీద నడుస్తోంది. ఆపండి అనేవాణ్నీ, ముంచేసేవాణ్నీ ఒకే ఫ్రేములో పెట్టి, కొట్టుకోకండర్రా అన్నది మేము.

"బావా, ఇది ఉత్తుత్తి పెళ్లి. ఆ అమ్మాయికి నిజంగా పెళ్లయి ఇద్దరు పిల్లలున్నారు. ఆ తాళి సామాన్ల పెట్టెలోది. రేపు ఇంకో సీరియల్లో ఇంకోళ్లకి కడతారు" అన్నాను.

"పెళ్లి ఉత్తిదే బావా. పేరు నాది గదా" అన్నాడు సింహాచలం.

నేనేదో అనబోతే ఆపాడు. "ఇను. ఎనిమిదయితే అనకాపల్లిలో ఏ ఇంటికాడైనా ఈ సీరియలే. తెరమీద నాను కనబడతాను. ఎవుడో వచ్చి ఆపండంతాడు, నాను సన్నాయి దించేత్తాను, పెళ్లి ఆగిపోద్ది. సూసినోళ్లు సీరియల్ని అంతారేటి? సింహాచలం మేళంలో పెళ్లి ఆగిపోనాదంతారు. మాఘమాసం వచ్చేత్తంది. ఆడపిల్ల తండ్రి ఎవుడైనా నన్ను పిలుత్తాడా? మా తాత కాణ్నుంచీ మా మేళంలో ఒక్క పెళ్లి ఆగనేదు. టీవీలో ఆపమంతావేటి?"

"పోనీ, నువ్వు కనబడకుండా పక్కకి నిలబడితే?"

"వీధివీధికీ సెప్పీసేను, టీవీలో కనబడతానని."

ఇదీ చిక్కు. వాయించకపోతే పెళ్లిళ్ల కాలం పోతుంది, కనబడకపోతే పరువు పోతుంది.

పందిట్లోకి వచ్చేసరికి మా యూనిట్లో తలా ఒక ఉపాయం చెబుతున్నారు. లైటుబాయ్‌లకి తలపాగాలు చుట్టి డోలు ఇద్దామని ఒకరు. మేళాన్ని పంపేసి టేపు పెడదామని ఒకరు. ఆ టేపు సలహా ఇచ్చింది నేనే. చేతిలో పని అయ్యే దారి కనబడితే మనసు పక్కకి తప్పుకుంటుంది, మన వృత్తిలో అందరికీ వచ్చే జబ్బే.

సుజాత మాత్రం గౌరమ్మగారు ఆకులో పెట్టి ఇచ్చిన వేడివేడి పాకం ముద్ద చప్పరిస్తూ కూర్చుంది. కాసేపయ్యాక అడిగింది, "మాస్టారూ, నిజం పెళ్లిలో ఎవరైనా అలా అరిస్తే ఏమవుతుంది?"

"వినబడదమ్మా. మేళం ఉంటుంది కదా."

"మరి మన పెళ్లిలో ఎందుకు వినబడుతోంది?"

"మనం మేళాన్ని ఆపేశాం కాబట్టి."

"కాబట్టి ఆపొద్దు" అంది, చేతులు కడుక్కుంటూ. "వాడు అరుస్తాడు. వాయించనివ్వండి. ఎవరికీ వినబడదు. తాళి కట్టేస్తాడు."

నేను ఎగిరిపడ్డాను. కథ మారిపోతుందన్నాను. రచయితగారు ఉరేసుకుంటారన్నాను. నిర్మాతగారు మనల్ని ఉరేస్తారన్నాను. సౌండ్ మనిషిగా నా అసలు బాధ వేరే. ఇన్నేళ్లూ ఒక్క మాట పోకుండా పట్టడానికి జీతం తీసుకున్నవాణ్ని, సీనులో ఉన్న ఒకే ఒక్క డైలాగును వినబడకుండా రికార్డు చేయమంటోంది!

ఆమె సెల్‌ఫోన్ తీసుకుని సిగ్నల్ కోసం మేడెక్కింది. కింద మాకు సగమే వినబడింది.

"సార్, పెళ్లి జరిగిపోతుంది సార్... అవును సార్, పూర్తిగానే... కథ అయిపోదు సార్. పెళ్లయ్యాకే కదండీ అసలు కథ... మీకూ తెలుసు కదా సార్."

అవతల నిర్మాతగారు నవ్వినట్టున్నారు. ఒక షరతు పెట్టారట. విలన్ వచ్చాడన్న సంగతి ఒక్కరికైనా తెలియాలి, లేకపోతే తర్వాతి వారం నడవదు. "పెళ్లికూతురు చూస్తుంది సార్. వినబడదు, కనబడుతుంది" అంది సుజాత. మెట్లు దిగుతూ నన్ను చూసి బొటనవేలు ఎత్తింది.

సింహాచలానికి విషయం చెబితే నమ్మలేదు. "గట్టిగానే ఊదనా?"

"నీ ఇష్టం వచ్చినంత."

"తాళి కట్టిందాకా?"

"కట్టి, మూడు ముళ్లూ పడిందాకా."

"ఒరే పైడీ!" అని కేకేశాడు. "కంబళి ఆళ్లకిచ్చీ. మనకి సలేటి వెయ్యటం నేదు."

మైకు ఎక్కడ పెట్టాలి

వినబడకూడని మాటను ఎలా రికార్డు చేయాలో ఏ పుస్తకంలోనూ లేదు. అసలు అరవకుండా ఊరికే నోరు కదపమంటే చక్రధర్ ఒప్పుకోలేదు. "నేను నిజంగా అరుస్తాను. మెడనరాలు కనబడాలి కదా" అన్నాడు. అది నిజమే. అరిచే మనిషిని మేళం ముంచేయడం వేరు, మూగవాణ్ని గుమ్మంలో నిలబెట్టడం వేరు. అరుపు ఉండాలి, మనకు అందకూడదు.

మూర్తిగారి మాట గుర్తొచ్చింది. వింటున్నది ఎవరు? పెళ్లికూతురు. కాబట్టి మైకు ఆమె దగ్గర. ఆమె పీటలమీద కూర్చుంటే మేళం ఎంత పెద్దగా వినబడుతుందో అంత పెద్దగా, గుమ్మం ఎంత దూరమో అంత దూరంగా. మిక్సర్ మీద ముల్లు ఎర్రగీత దాటకుండా శబ్దం బాగా తగ్గించి పెట్టుకున్నాను. హెడ్‌ఫోన్లు ఒక చెవికి మాత్రమే తగిలించుకున్నాను, రెండోది ముసలితనానికి దాచుకుందామని.

యాక్షన్.

పంతులు వేలెత్తాడు. డోలు లేచింది, సన్నాయి లేచింది, వాటితోపాటు నా ఒంటిమీద రోమాలు కూడా. గుమ్మంలో చక్రధర్ చొక్కా చించుకుని అరుస్తున్నాడు. ఆ నోరు చూస్తున్నాను, చెవిలో మాట లేదు. పెళ్లికూతురు తలెత్తింది. వాణ్ని చూసింది. కళ్లలో ఒక్క క్షణం భయం. ఆ తర్వాత, ఎవరూ చెప్పకుండానే, ఆ నటి తల తిప్పి సింహాచలం వైపు చూసింది. అతను బుగ్గలు పూరించి ఊదుతూనే, కానీయమ్మా అన్నట్టు సన్నాయిని రవ్వంత పైకెత్తాడు. ఆమె నవ్వు ఆపుకుంటూ తల వంచింది. తాళి పడింది.

ఊరి ఆడవాళ్లు అక్షింతలు షూటింగ్‌కని వేయలేదు, నిజంగానే వేశారు. కెమెరా మీద కూడా వేశారు. సుజాత కట్ చెప్పింది గానీ మేళంలో ఎవరికి వినబడుతుంది? వాళ్లు చరణం పూర్తి చేసుకుని, తృప్తిగా ముగించారు. గౌరమ్మగారు చక్రధర్ దగ్గరికెళ్లి, "పాపం, గొంతు పోయుంతాది" అని మజ్జిగ ఇచ్చింది. ఒక్క టేకులో అయిపోయింది. అతను రైలు అందుకున్నాడు.

ఉరుములు వద్దు

మీరు షూటింగ్ అయిపోతే కథ అయిపోయిందనుకుంటారు. మన పనిలో అసలు గండం హైదరాబాదులో ఉంటుంది. తెరమీద పెళ్లి ఆగకపోయినా, దాని మీద నాలుగు ఉరుములూ ఒక ఏడుపు వీణా పడ్డాయంటే చూసేవాళ్లు చెడే జరిగిందనుకుంటారు. సింహాచలం ఊదిన ఊపిరి అంతా ఉరుముల కింద అణిగిపోతుంది. అతను అనకాపల్లిలో వీధివీధికీ ఎనిమిదింటికి చూడమని మళ్లీ చెబుతున్నాడని తెలిసి, నేను సొంత పనిమీద వెళ్తున్నట్టు టేపుల వెంట రైలెక్కాను.

స్టూడియోలో మూర్తిగారు అలవాటుగా ఉరుము రెడీ చేసి కూర్చున్నారు. "ఇక్కడొకటి, మొహం తిప్పినప్పుడొకటి" అన్నారు.

"వద్దు సార్. ఉరుము మనకు మాత్రమే వినబడేది. మేళం వాళ్లకు వినబడేది. వాళ్లు విన్నదే మనమూ వింటేనే, వాళ్లు విననిది మనకూ అందదు."

"నాకు పాఠం చెబుతున్నావా?"

"మీ పాఠమే సార్, తిరిగి అప్పజెబుతున్నాను."

ఆయన ఒకసారి అలాగే వేసి చూశారు. డోలు, సన్నాయి, నోరు తెరిచిన విలన్, తల వంచిన పెళ్లికూతురు. ఇంకేమీ లేదు. మళ్లీ వేశారు. మూడోసారి వేసినప్పుడు పక్కగదిలోంచి కాఫీ తెచ్చినవాడు కూడా నిలబడిపోయి చూశాడు. "డోలు రవ్వ పెంచు" అన్నారు మూర్తిగారు. ఆయన నోట్లోంచి రాగల ప్రశంసలన్నిటికన్నా పెద్దది అదే.

కొత్త పిల్లలకు నేను చెప్పదలచుకున్నదేమైనా ఉంటే ఇక్కడే ఉంది. కథలో మోగే సంగీతాన్ని గోడకు వేసిన రంగులా చూడకండి. అది కూడా ఒక పాత్ర. దానికీ ఒక పని ఉంటుంది, ఇష్టాయిష్టాలుంటాయి. రేడియో ఆపేసే చెయ్యి ఎవరిదో, భజన మొదలవగానే ఎవరు మాట మింగేశారో, ఆటో టేపుకి ఎవరి కాలు ఆడిందో చూడండి. వాయించేవాణ్ని పక్కన నిలబెట్టి, నువ్వు ఇది ఎందుకు వాయిస్తున్నావని అడగండి. నేనూ డైరెక్టరూ సగం రోజు పోగొట్టుకుని అడిగిన ప్రశ్న అది. మీరు ముందే అడగొచ్చు.

ఎనిమిది గంటలకి

ఆ ఎపిసోడ్ వచ్చిన సాయంత్రం నేను సింహాచలం ఇంట్లోనే ఉన్నాను. వీధిలో సగంమంది అక్కడే. మనిషి గడప దగ్గర కూర్చున్నాడు, లోపలికి రాడు. "నాకిక్కడ బాగున్నాది" అన్నాడు. బాగులేదని మొహం చెబుతోంది. వాళ్లావిడ టీవీ మోత పెంచింది.

పంతులు వేలెత్తాడు. డోలు లేచింది. విలన్ గుమ్మంలో నోరు తెరిచాడు.

"అయ్యో, ఆపేత్తాడు, ఆపేత్తాడు!" అంది ఒక ముసలమ్మ.

ఆపలేదు. పెళ్లికూతురు సన్నాయి వైపు చూసింది, తల వంచింది, తాళి పడింది.  ఆ తర్వాత ఆడవాళ్లందరూ ఒక్కసారిగా చప్పట్లు. "అరుసుకోరా, బాగా అరుసుకో!" అని టీవీలో చక్రధర్‌ని వేళాకోళం. పైడిరాజు గోడకానుకుని తొడమీద దరువేస్తున్నాడు. గడప దగ్గరున్న సింహాచలం కండువాతో మొహం తుడుచుకుని, అప్పుడు లోపలికొచ్చి, "ఎవులైనా కాఫీ ఇత్తారేటి నాకు?" అన్నాడు.

మాఘమాసంలో అతనికి ఊపిరి తిరగలేదు. ఊపిరే అతని పెట్టుబడి గనక అది కాస్త కష్టమే. టీవీ మేళం అని పేరు పడిపోయింది. పెళ్లి మాట్లాడుకోవడానికి వచ్చినవాళ్లు, "ఆ అరిసినోణ్ని ముంచేసినారు సూడండి, ఆలాగే వాయించాల" అని మరీ అడిగేవారు. ఒక పిలుపు దేవరాపల్లి దగ్గర పల్లెనుంచి వచ్చింది. నన్ను కూడా రమ్మని లాక్కుపోయాడు. ఈసారి చేతిలో మైకు లేదు. భోజనాల మనిషిగా వెళ్లాను.

ముహూర్తం దగ్గరపడింది. పెళ్లికొడుకు తాళి ఎత్తాడు. సరిగ్గా అప్పుడే, పెళ్లివారిలో వెనకవరసలో కూర్చున్న ఒక పెద్దాయన లేచి నిలబడ్డాడు. చెయ్యెత్తాడు. నోరు తెరిచాడు. పందిరి మొత్తం, పిల్లా పెద్దా, ఆయన వైపు చూసింది. అందరూ కలిసి సింహాచలం వైపు తిరిగారు. సింహాచలం పైడిరాజు వైపు చూశాడు.

డోలు విరుచుకుపడింది. పెద్దాయన పెదవులు ఆడుతున్నాయి, చెయ్యి ఊగుతోంది. మేళం ఆగలేదు. మొదటి ముడి, రెండో ముడి, మూడో ముడి. అక్షింతలు లేచాయి. చివరికి పెద్దాయనే అలిసిపోయి, చెయ్యి దించి, గుప్పెట్లో ఉన్న అక్షింతలు తనూ వేసి కూర్చున్నాడు.

భోజనాల దగ్గర ఎంతమంది అడిగినా, తను ఏం చెప్పబోయాడో ఆయన చెప్పలేదు. మరిచిపోయానన్నాడు. పెళ్లి మాత్రం అయిపోయింది.